వీధి చివర ఖాళీ జాగాలో పేదలకు ఇళ్ళు కడతారట, వద్దని సంతకం పెట్టేదా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, ఎమ్మార్‌పల్లి వైపు. 1990ల మొదట్లో మా మామగారికి ఉద్యోగుల సొసైటీలో స్థలం వచ్చింది. సొసైటీకి ప్రభుత్వం చవగ్గా ఇచ్చిన జాగా అది. అందులోనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. మా వీధి చివర ఎకరా ఇరవై సెంట్ల జాగా ఖాళీగా ఉంది. పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు, వినాయక చవితికి పందిరి వేస్తారు, సాయంత్రం మేమంతా నడుస్తాం. పోయిన నెల కార్పొరేషన్ వాళ్ళు వచ్చి కొలతలు వేసుకుని పోయారు. పేదలకు అపార్ట్‌మెంట్లు కడతారని అంటున్నారు. వద్దని కలెక్టరుకు ఇవ్వడానికి మా కాలనీ సంఘం వాళ్ళు ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. మావారు పెట్టేశారు. నాకు చెయ్యి రాలేదు. మా ఇంట్లో పన్నెండేళ్ళుగా పని చేసే ఆమె జీవకోనలో రేకుల ఇంట్లో బాడుగకు ఉంటుంది. ఊరికి దూరంగా వికృతమాలలో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇల్లు వచ్చినా పోలేదు. "ఆడికి పోతే ఈడ పని ఎట్ల చేసేదక్కా" అంటుంది. సంతకం పెట్టకపోతే వీధిలో మాట పడాలి, పెడితే ఆమె ముఖం చూడలేను. శనివారం సంఘం మీటింగు ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

చెల్లెమ్మా,

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇళ్ళు కట్టాల్సిందేనని ఇంకెవరైనా కాగితం తెస్తే దాని మీదా ఇప్పుడే పెట్టకండి. ముందు ఆ జాగా ఏ జాగానో తేలాలి. మీ ఉత్తరంలో ఎకరా ఇరవై సెంట్లని రాశారు, పందిరి వేస్తారని రాశారు, సర్వే నంబరు మాత్రం రాయలేదు. మీ సంఘంలో ఒక్కరైనా అది అడిగి ఉంటారని నాకు నమ్మకం లేదు. నేను రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళకు పైగా పని చేసినవాణ్ణి. ఒక జాగా కోసం వీధి వీధంతా కొట్లాడుకుంటూ ఉంటే, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసున్న కాగితం తాలూకాఫీసు బీరువాలో ఎవరూ విప్పకుండా పడి ఉండడం చాలాసార్లు చూశాను.

తిరుపతిలో ఖాళీగా కనిపించే ప్రతి జాగా ప్రభుత్వానిది కాదు. దేవస్థానం జాగాలున్నాయి, మఠం జాగాలున్నాయి, యూనివర్సిటీ జాగాలున్నాయి. దేవుడి మాన్యాన్ని సర్కారు బంజరు అనుకుని పంచడానికి లేదు. 1987 దేవాదాయ చట్టం కింద దాన్ని బదలాయించాలంటే వేరే తతంగం ఉంది, ఆ తతంగం లేకుండా ఇచ్చిన పట్టా రేపు కోర్టులో నిలవదు. నష్టపోయేది దాన్ని నమ్మి వచ్చిన పేదవాడే. అందుకే మొదటి ప్రశ్న, ఆ జాగా అసలు యజమాని ఎవరు?

మీది సొసైటీ లేఅవుట్ అన్నారు కాబట్టి రెండో అనుమానం కూడా తీర్చుకోవాలి. లేఅవుట్ వేసేటప్పుడు పార్కుకనీ, ఆటలకనీ కొంత జాగా వదిలి మునిసిపాలిటీకి రాసివ్వాలి. ఇప్పటి నిబంధనల్లో అది కనీసం పదో వంతు. మీ వీధి చివర జాగా అలా వదిలిందే అయితే అది మీ పిల్లలది, ఆ చుట్టుపక్కల పిల్లలందరిదీ. అందులో ఇళ్ళు కట్టకూడదు, కమ్యూనిటీ హాలు పేరుతో కల్యాణ మండపమూ కట్టకూడదు. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టడానికి ఒక ట్రస్టుకు ఇస్తే, 1991లో సుప్రీంకోర్టు చెల్లదని చెప్పింది. ఆసుపత్రి మంచిదే కదా అని ఒప్పుకోలేదు. పేదల ఇళ్ళకైనా అదే న్యాయం వర్తిస్తుంది.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. అది గుంటా, కాదా?

మన ఊళ్ళో పేర్లు చూడండి. కొర్లగుంట, తాతయ్యగుంట. ఆ పేర్లు ఊరికే రాలేదు. కొండల మీద పడ్డ వాన కిందికి దిగి ఎక్కడో ఒక చోట నిలవాలి కాబట్టి పెద్దవాళ్ళు గుంటలు తవ్వుకున్నారు, ఒక గుంట నిండితే ఇంకో గుంటకు వంక పెట్టుకున్నారు. 2021 నవంబరు 18, 19 తేదీల్లో వాన పడినప్పుడు మీ ఎమ్మార్‌పల్లి వైపు వీధులు ఎలా అయ్యాయో నేను చెప్పనక్కర్లేదు. నీళ్ళకు పాత దారి గుర్తుంది. మనమే మరిచిపోయాం.

ఇది చెప్పేటప్పుడు ఒక సంగతి దాచుకోవడం నాకు ఇష్టం లేదు. ఊరు పేరు రాయను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇళ్ళ స్థలాలకని ఒక జాగా కొలిచాం. ఎండాకాలం. నేలంతా నెర్రెలిచ్చి ఉంది, చుట్టూ తుమ్మ చెట్లు. ఎఫ్ఎంబీలో, అంటే సర్వే కొలతల పటంలో, ఆ జాగా మీద చిన్న మెలికల గీత, రిజిస్టరు రిమార్కుల కాలమ్‌లో పాత సిరాతో వెలిసిపోయిన ఒకే ఒక్క మాట, "కుంట". పై నుంచి తొందర. తేదీ ఖరారైంది, షామియానాలు చెప్పేశారు. "నీరు నిలవదు, నివాసానికి అనువు" అని నివేదిక తయారైంది. దాని మీద నా సంతకం ఉంది. రెండేళ్ళ తర్వాత కార్తీకంలో తుపాను వచ్చింది. నష్టం రాసుకోవడానికి నన్నే పంపారు. పట్టా తీసుకున్న ఒక ముసలామె మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, మంచం మీద బియ్యం మూట పెట్టి, ఆ మూట పక్కన కాళ్ళు ముడుచుకుని కూచోనుంది. నీళ్ళు మంచం పట్టెలను తాకుతున్నాయి. నన్ను గుర్తుపట్టింది. "నువ్వే గదా నాయనా కొలిచింది" అంది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

అందుకని, అది గుంట అనో, వంక అనో, కాలువ పోరంబోకు అనో తేలితే ఆ మాటతోనే గట్టిగా వద్దనండి. మీ ఇళ్ళ కోసమూ అనండి, అక్కడికి రాబోయే వాళ్ళ కోసమూ అనండి. చెరువులు, కుంటలను ఇళ్ళ స్థలాలుగా ఇవ్వకూడదని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, ఊరుమ్మడి జాగాలను కాపాడాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అప్పుడు కలెక్టరుకు ఇచ్చే అర్జీలో "ఇళ్ళు వద్దు" అని మాత్రమే కాకుండా "గుంటను పూడిక తీసి గుంటగానే ఉంచండి, ఇళ్ళకు ఇదే వార్డులో ఇంకో జాగా చూడండి" అని రాయాలి. ఈ రెండో వాక్యం లేని అర్జీ మీద మాత్రం మీరు సంతకం పెట్టొద్దు.

ఇవన్నీ తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం, పది రూపాయలు చాలు. తహసీల్దారు ఆఫీసుకు ఒకటి, కార్పొరేషన్‌కు ఒకటి పెట్టండి. తహసీల్దారు ఆఫీసులో ఆ జాగా సర్వే నంబరు, సబ్‌డివిజన్, విస్తీర్ణం, ఎఫ్ఎంబీ నకలు, ఆర్ఎస్ఆర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసుండే పాత రిజిస్టరు) నకలు, టౌన్ సర్వే జరిగి ఉంటే ఆ రిజిస్టరు నకలు, నిషేధిత భూముల 22ఎ జాబితాలో ఉందా లేదా అన్నది అడగండి. కార్పొరేషన్‌లో మీ సొసైటీకి మంజూరైన లేఅవుట్ ప్లాను నకలు, ఆ జాగాలో ఇళ్ళ ప్రతిపాదన ఏ పథకం కింద, ఎన్ని ఇళ్ళు, ఎన్ని అంతస్తులు, నీళ్ళు డ్రైనేజీ ఎక్కణ్ణుంచి అన్నది అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు, దానికి ఇంకో 30 రోజుల గడువు. ఆర్ఎస్ఆర్ నకలు చేతికి రాగానే అందరూ విస్తీర్ణం కాలమ్ చూస్తారు. మీరు రిమార్కుల కాలమ్ చూడండి.

ఇప్పుడు, అది మామూలు ప్రభుత్వ బంజరే అని తేలిందనుకోండి. గుంట కాదు, పార్కు కాదు, దేవుడిది కాదు. అప్పుడు ఏం చెయ్యాలి? మీరు నన్ను అడిగింది అసలు ఇదే అని నాకు తెలుసు.

అప్పుడు అక్కడ ఇళ్ళు రావాలి. మనస్ఫూర్తిగా అంటున్నాను.

మీ ఇంట్లో పని చేసే ఆమె మాట మళ్ళీ చదవండి. "ఆడికి పోతే ఈడ పని ఎట్ల చేసేదక్కా." ఇంటి పని రెండు పూటలది. పొద్దున ఆరున్నరకు మీ ఇంట్లో అంట్లు, తర్వాత ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో. పదకొండుకు ఇల్లు చేరి సంగటి కెలికి పిల్లలకు పెట్టాలి. నాలుగుకు మళ్ళీ రావాలి. వికృతమాల ఉన్నది రేణిగుంట అవతల, ఏర్పేడు మండలంలో. అక్కణ్ణుంచి రోజుకు రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, నిజంగా మంచి పని. ఛార్జీ మిగిలింది. బస్టాండులో నిలబడే గంటలు మిగలవు కదా. ఒక పూట పని వదులుకుంటే జీతం సగమవుతుంది. ఆమె ఇల్లు వద్దనుకున్నది బద్ధకంతోనో, గొంతెమ్మ కోరికలతోనో కాదు, లెక్క వేసుకునే వద్దనుకుంది.

టిడ్కో ఇళ్ళు చెడ్డవని నేననడం లేదు. రాష్ట్రంలో దాదాపు 2.62 లక్షల ఇళ్ళు చేపట్టిన పథకం అది. గోడలు కాంక్రీటువి, 300 చదరపు అడుగుల ఇల్లు పేదలకు రూపాయికే ఇస్తామన్నారు. ఊరి బయట ఫ్యాక్టరీలో పని దొరికిన వాళ్ళకు ఆ ఇళ్ళు బాగా కలిసొస్తాయి. కానీ లీలామహల్ సెంటర్లో పూలమ్మే ఆమెకు, బస్టాండులో మూటలు మోసే అతనికి, మీ వీధి చిమ్మే వాళ్ళకు ఇల్లు ఎక్కడుందన్నదే సగం ఇల్లు. 2020 డిసెంబరు 25న మొదలైన స్థలాల పంపిణీలోనూ ఇదే జరిగింది. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఊరి లోపల జాగా దొరక్క ఎక్కడో దూరాన పొలాలు కొని పంచారు. పట్టా దొరికింది, పొద్దున్నే పనికి రావడానికి దారి దొరకలేదు. అందుకే ఊరి నడుమ ఒక ఎకరా ప్రభుత్వ జాగా మిగిలిందంటే అది ఊరి బయట ఇరవై ఎకరాలతో సమానమని నేను నమ్ముతాను.

చెన్నై మనకు పక్కూరే కాబట్టి అక్కడి సంగతి చెప్తాను. 1970లో తమిళనాడులో మురికివాడల బోర్డు పెట్టినప్పుడు గుడిసెలున్న చోటే మిద్దెలు కట్టారు. 2000 నుంచి పద్ధతి మారి, నగరం లోపలి వాళ్ళను మహాబలిపురం రోడ్డు వైపు కణ్ణగినగర్‌కు, తర్వాత పెరుంబాక్కానికి తరలించారు. వేల ఇళ్ళు కట్టారు. ఆడవాళ్ళ ఇంటి పనులు పోయాయి, పిల్లల బడులు మధ్యలో ఆగాయి, మగవాళ్ళు కొందరు ఊళ్ళోనే పేవ్‌మెంట్ల మీద పడుకుని వారానికోసారి ఇంటికి పోయేవాళ్ళు. మనం ఆ తప్పు మళ్ళీ చెయ్యనక్కర్లేదు.

మీ వీధి వాళ్ళ భయాలు నాకు తెలియనివి కావు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోను. నీళ్ళ సంగతి తీసుకోండి. ఎకరా ఇరవైలో ముప్ఫై సెంట్లు పిల్లల ఆటకు వదిలేసి మిగిలిన 90 సెంట్లలో నాలుగంతస్తుల బ్లాకులు మూడు కడితే, అంతస్తుకు ఎనిమిది చొప్పున 96 ఇళ్ళు వస్తాయి. ఇంటికి నలుగురైదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన దగ్గర దగ్గర 58 వేల లీటర్లు కావాలి. కళ్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ళ మీద బతికే ఊళ్ళో ఇది చిన్న మాట కాదు. మీ వీధిలో ఉన్న పైపుకే ఇవన్నీ తగిలిస్తే మీకూ రావు, వాళ్ళకూ రావు. డ్రైనేజీ సంగతీ అంతే. కాబట్టి ఇది న్యాయమైన భయం. దానికి మందు, వేరే పైపులైను, వేరే ట్యాంకు, డ్రైనేజీ పైపు పెద్దది వేసిన తర్వాతే ఇళ్ళ తాళాలు ఇవ్వడం. ఆ షరతు మీ సంఘమే రాసివ్వాలి. రాస్తే ఇంజినీర్లకూ పనికొస్తుంది.

అంకణం రేటు పడిపోతుందన్నది రెండో భయం. మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వాళ్ళ అంకణంలో సగం. ఆ 36 అడుగుల రేటు మీదే మన ఊళ్ళో సగం మాటలు నడుస్తాయి. 300 అడుగుల ఇల్లంటే ఎనిమిది అంకణాలు, ఇంకొంచెం. మీ వీధిలో చాలామందికి కారు షెడ్డూ, తులసికోట ముందు వాకిలీ కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటుంది. మీ ఇంటి విలువ తగ్గుతుందో లేదో అన్నది ఆ బ్లాకులు ఎలా కడతారు, ఎలా నిలబెడతారు అన్నదాని మీద ఉంటుంది. మురికి నిలిచిన బ్లాకు పక్కన ఎవరి రేటైనా పడుతుంది, అది పేదలదైనా పెద్దలదైనా.

"ఎలాంటి వాళ్ళు వస్తారో" అన్నది మూడోది. ఈ మాటకు మాత్రం నేను మెత్తగా జవాబు చెప్పలేను. ఆ వచ్చే వాళ్ళు పన్నెండేళ్ళుగా మీ వంటింట్లో తిరుగుతున్నారు, మీ బీరువా తాళాలు ఎక్కడుంటాయో వాళ్ళకు తెలుసు, మీరు ఊరెళ్తే కుండీలకు నీళ్ళు పోసేది వాళ్ళే. పగలు నమ్మిన మనిషిని రాత్రి పక్క వీధిలో పడుకోనివ్వం అనడంలో న్యాయం నాకు కనిపించదు.

ఇంకో మాట, మీరు నొచ్చుకోకుండా వినండి. మీ మామగారికి వచ్చిన స్థలం కూడా ప్రభుత్వం చవగ్గా ఇచ్చిన జాగానే అని మీరే రాశారు. అది తప్పని నేననడం లేదు. ఆ రోజుల్లో జీతగాళ్ళకు ఊళ్ళో ఇల్లుండాలని అలా ఇచ్చారు, దానివల్లే మీ పిల్లలు మంచి బళ్ళకు నడిచి వెళ్ళగలిగారు. హైదరాబాద్‌లో ప్రజాప్రతినిధులు, అధికారులు, జర్నలిస్టుల సొసైటీలకు చవగ్గా స్థలాలిచ్చిన ఉత్తర్వులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ జాగా ప్రజలందరిదనీ, ఉన్నవాళ్ళకు మళ్ళీ పంచిపెట్టేది కాదనీ చెప్పింది. ఒక తరం కింద మీ ఇంటికి అందిన చెయ్యి ఇప్పుడు ఇంకో ఇంటికి అందబోతుంటే అడ్డం పడాలా అని మీవారిని కూచోబెట్టి అడగండి. మీటింగులో అడగొద్దు, ఇంట్లో, అన్నం తినేటప్పుడు అడగండి. నలుగురిలో అడిగితే ఆయన మొదట పెట్టిన సంతకాన్నే కాపాడుకుంటారు.

మీ ఇంట్లో పని చేసే ఆమె విషయంలో ఒక చేదు నిజం ముందే చెప్పాలి. ఈ ఇళ్ళు వచ్చినా ఆమెకు రాకపోవచ్చు. 2024లో మొదలైన పీఎం ఆవాస్ పట్టణ రెండో విడతలో, గత 20 ఏళ్ళలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనైనా లబ్ధి పొందిన కుటుంబానికి మళ్ళీ ఇవ్వరు. ఆమెకు వికృతమాల ఇల్లు రిజిస్టర్ అయిందా, బ్యాంకు లోను ఆమె పేరున తీశారా, తాళం తీసుకుందా అన్నది ముందు కనుక్కోండి. మంజూరు పత్రం, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని వార్డు సచివాలయానికి మీరే తోడు వెళ్ళండి. ఒంటరిగా పోతే "రేపు రా" అంటారు, మీరుంటే కుర్చీ వేస్తారు. ఇది బాధగానే రాస్తున్నాను, కానీ ఇలాగే జరుగుతుంది. ఆ ఇల్లు వెనక్కిచ్చి మార్పు కోరే వీలుందేమో సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇప్పించి, రసీదు తీసుకోండి. "నీకు ఇక్కడే ఇల్లొస్తుంది" అని మాత్రం ఆమెకు ఆశ పెట్టొద్దు.

ఆమెలాంటి వాళ్ళ కోసం ఇంకో దారి ఉంది, దాని గురించి మన ఊళ్ళో ఎవరూ మాట్లాడడం లేదు. అదే రెండో విడతలో సొంతానికి కాకుండా చవక బాడుగకు ఇచ్చే ఇళ్ళు కూడా ఒక భాగం. ప్రభుత్వమే కట్టిన చోట జాగా, ఇల్లూ ప్రభుత్వం పేరునే ఉంటాయి, పని ఉన్నన్నాళ్ళు మనిషి బాడుగ కట్టుకుని ఉంటుంది. తిరుపతికి ఇది మరీ అవసరం. ఎందుకంటే మన ఊళ్ళో గది ఖాళీగా ఉంటే చాలు, యాత్రికులకు రోజు బాడుగకు పోతుంది. ఒక నెల బాడుగ నాలుగు రోజుల్లో వస్తుంటే ఎంత పేదవాడికైనా ఆశ పుడుతుంది, తప్పు పట్టలేం. ఊరి నడుమ సొంతానికి ఇచ్చిన ఇల్లు పదేళ్ళు తిరిగేసరికి లాడ్జి గది అయి కూచుంటుంది, పూలమ్మే ఆమె మళ్ళీ కొండ పక్క రేకుల ఇంటికి పోతుంది. అందుకే మీ వీధి చివర జాగాలో సగం ఇళ్ళయినా బాడుగ పద్ధతిలో ఉంచమని అడగాలని నా అభిప్రాయం. సొంతానికి ఇచ్చేవి ఇంటి ఆడమనిషి పేరునో, ఇద్దరి పేరునో ఇవ్వాలి. అది పథకంలోనే ఉంది, అయినా ఒకసారి గుర్తు చెయ్యండి.

నిర్వహణ సంగతి ఎవరూ అడగరు, అన్నిటికంటే ముందు అదే పాడవుతుంది. లిఫ్టు లేని నాలుగంతస్తుల్లో మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళకు, వికలాంగులకు కింది అంతస్తు రాయాలి, లాటరీలో వదిలేయకూడదు. మోటారు బిల్లు ఎవరు కట్టాలి, ట్యాంకు ఎవరు కడగాలి, మిద్దె మీద నీరు కారితే ఎవరు బాగు చెయ్యాలి అన్నది తాళాలిచ్చే రోజే కాగితం మీద ఉండాలి. చెన్నై తిరువొత్తియూరులో 2021 డిసెంబరులో బోర్డు ఇళ్ళ బ్లాకు ఒకటి కుప్పకూలింది. పగుళ్ళు చూసి జనం ముందే బయటికి వచ్చారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. పేదల ఇల్లు కట్టిన రోజు ఫోటో తీసుకుంటారు, ఇరవయ్యో ఏట ఎవరూ రారు.

ఇక శనివారం మీటింగు. సంతకాల కాగితం మీ ముందుకు రాగానే "సర్వే నంబరు ఎంత?" అని అడగండి. అంతే అడగండి, వాదన పెట్టుకోవద్దు. నంబరు ఎవరికీ తెలియదని అక్కడే తేలిపోతుంది. అప్పుడు మీ ఆర్‌టీఐ దరఖాస్తుల నకళ్ళు చూపించి, జవాబు వచ్చేదాకా అర్జీ ఆపుదామనండి. ఆపడానికి ఒప్పుకోకపోతే మీ పేరు మీద వేరే అర్జీ ఇవ్వండి. ఒక్క సంతకంతో ఇచ్చిన అర్జీకి కూడా రసీదు ఇవ్వాల్సిందే, ఫైల్లో పెట్టాల్సిందే. అందులో గుంట అయితే వద్దని, పార్కు అయితే వద్దని, మామూలు బంజరు అయితే ముప్ఫై సెంట్లు ఆటకు వదిలి, నీళ్ళు డ్రైనేజీ ముందు వేసి, ఈ వార్డులోనే బాడుగకు ఉంటున్న వాళ్ళకు ఇళ్ళు కట్టమని రాయండి. ముప్ఫై సెంట్లంటే పిల్లల క్రికెట్‌కూ, చవితి పందిరికీ సరిపోతుంది. పందిట్లో కొబ్బరికాయ కొట్టేవాళ్ళు ఇంకో వంద కుటుంబాలు పెరుగుతారు.

వీధిలో మాట పడాల్సి వస్తుందన్నారు. పడాల్సి వస్తుంది. కొన్నాళ్ళు నడకకు పిలవరు, పేరంటానికి పిలిచీ పిలవనట్టు పిలుస్తారు. నేనూ ఆ రోజు ఆ నివేదిక మీద సంతకం పెట్టకపోతే పై వాళ్ళతో మాట పడేవాణ్ణి, బహుశా బదిలీ కూడా అయ్యేవాణ్ణి. పెట్టాను కాబట్టి ఆ ముసలామె మాట ఇప్పటికీ మోస్తున్నాను.

దరఖాస్తులు సోమవారమే పెట్టండి. తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకుపోండి, తన మంజూరు పత్రం సంగతీ అదే పూట సచివాలయంలో చూసుకోవచ్చు. ఆర్ఎస్ఆర్ నకలు రాగానే రిమార్కుల కాలమ్‌లో ఏం రాసుందో ఉన్నది ఉన్నట్టు నాకు రాసి పంపండి. అక్షరాలు వెలిసిపోయి అర్థం కాకపోతే ఫోటో తీసి పంపినా చాలు, ఆ రాత నాకు అలవాటే.